వైద్యుని వాక్కు – రోగి నెమ్మది

అనంతపురము పీఠభూమిలో సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అదియును నమ్మరానిది. ఇట్టి నేలలో వేరుసెనగ విత్తు రైతు పంట వచ్చునో రాదో తెలియకయే విత్తుచున్నాడు. అనిశ్చయము అతనికి క్రొత్త కాదు. అట్టివానికి క్యాన్సర్ వచ్చినపుడు మాత్రము, అతడు నిజమును తాళలేడని చుట్టునున్నవారందఱు నిశ్చయించుకొందురు. ఇది విచారింపదగిన విషయము.

రాయదుర్గము, కల్యాణదుర్గము వైపు పల్లెలనుండి చికిత్సకై బెంగుళూరునకో హైదరాబాదునకో పోవలసివచ్చును. రాత్రి బస్సు, పొడుగాటి వరుస, పరీక్షల కాగితముల సంచి – ఇవన్నియు దాటి రోగి వైద్యుని యెదుట కూర్చుండుసరికి దొరకునవి కొద్ది నిమిషములే. ఆ నిమిషములలో వైద్యుడు కుమారునితో ఇంగ్లీషులోనో కన్నడములోనో మాటలాడును. కుమారుడు "మా నాయనకు చెప్పొద్దు సార్" అని మెల్లగా వేడుకొనును. రోగి ఇరువురి ముఖములను చూచి, ఉన్నదానికంటె ఘోరమైనదానిని ఊహించుకొనును. రాచపుండు అను పాతపేరు అతడు ఎఱిగినదే. ప్రక్క మంచము వారి మాటలు అతని చెవిని పడవా? తెలిసియు తెలియనట్లుండుట రోగికి బరువు, దాచుట ఇంటివారికి బరువు.

కీడు మనస్సుతో ఆగదు. వాంతులు ఎందుకు వచ్చుచున్నవో తెలియని రోగి రెండవ విడత కీమోథెరపీకే పోక మానుకొనవచ్చును. నొప్పిని చెప్పుకొనుటకును జంకును. చెప్పనిదే మందు పెంచువారెవరు? మంచి మాటతో గడ్డ కరగదు. కరగునని చెప్పువారిని నమ్మరాదు. కాని భయము తగ్గును, నిద్ర పట్టును, చికిత్స సాగును.

బసవేశ్వరుడు తన ప్రసిద్ధ వచనమొకదానిలో ఏడు నిషేధములను చెప్పెను. అబద్ధమాడకుండుట అందొకటి, ఇతరులయెడ అసహ్యపడకుండుట మరియొకటి. రెండును ఒకేచోట నుండుట గమనింపదగినది. "ఇక లాభము లేదు, ఇంటికి తీసికొనిపొండు" అని సత్యమును రాయివలె విసరు వైద్యుడు మొదటిదానిని పాటించి రెండవదానిని విడిచినవాడు. తీయగా దాచువాడు రెండవదానికై మొదటిదానిని విడిచినవాడు.

ఈ చిక్కును తీర్చుటకు 2000 సంవత్సరమున వాల్టర్ బెయిల్, రాబర్టు బక్మన్ మొదలగు వైద్యులు ఆఱు మెట్ల పద్ధతిని ప్రకటించిరి. రోగిని ఏకాంతముగా కూర్చుండబెట్టుట మొదటి మెట్టు. అతనికి ఇదివఱకు ఏమి తెలియునో అడుగుట రెండవది. ఎంతవఱకు తెలిసికొనగోరునో అడుగుట మూడవది. చెప్పుట నాలుగవది మాత్రమే! పిమ్మట అతని దుఃఖమునకు చోటిచ్చి, తుదకు ముందు చేయవలసినదానిని అతనితో కలిసి నిర్ణయింపవలెను. మన ఇండ్లకు మూడవ మెట్టు మిక్కిలి పనికివచ్చునది. "నాకేమియు వద్దు, మా పెద్దవానితో చెప్పుడు" అని రోగియే అన్నచో, చెప్పకుండుట అబద్ధము కాదు. అతని కోరికను మన్నించుట.

పై రైతునకు నూటికి ఇంత అను లెక్క అక్కఱలేదు. "ఈ మందుతో గడ్డ తగ్గవచ్చును, తగ్గకపోవచ్చును, రెండు నెలలకు మరల పరీక్షించి చూతము, నొప్పికి మాత్రము నేటినుండియే మందు కలదు" అని ముఖము చూచి తెలుగులో చెప్పినచో, కార్తెలను బట్టి మబ్బును అంచనా వేయువాడు దీనిని గ్రహింపగలడు. ఇంటికి పోయి, ఈ యేడు ఎన్ని ఎకరములు విత్తవలెనో, ఎవరి అప్పు ముందు తీర్చవలెనో కుమారునితో కూర్చుండి తానే నిర్ణయించును.