పనికి తగిన పనిముట్టు

నిజామాబాదు జిల్లాలో లింబాద్రిగుట్టకు చేరువనున్న పట్టణము భీమ్‌గల్. దాని చుట్టుప్రక్కల పల్లెలలో పసుపు ముఖ్యమైన పంట. ఏ రైతు ఇంటి వసారాను చూచినను గడ్డపార, పార, కొడవలి, గుంటుక వేరువేరుగా అమర్చబడి యుండును. గడ్డపార మిక్కిలి బలమైన పనిముట్టు. అయినను దానితో కలుపు తీయవలెనని ఏ రైతును తలంపడు. కొడవలి ఎంత పదునైనదైనను దానితో గట్టినేలను త్రవ్వబోడు. పనిముట్లలో ఏది గొప్పదని అతడు విచారింపడు. చేయవలసిన పని యేదని మొదట చూచుకొనును. వెబ్ అప్లికేషనులను నిర్మింప బూనిన యువకులు ఈ సంగతిని తరచుగా మరచిపోవుచుందురు.

వెబ్ అప్లికేషను అనగా నేమి? ఫోనులో గాని కంప్యూటరులో గాని బ్రౌజరును తెరచి ఒక చిరునామాను వ్రాసినంతనే, ఎక్కడనో యున్న సర్వరు అను మరియొక కంప్యూటరుతో ఇచ్చిపుచ్చుకొనుటకు వీలు కలిగించు సాధనమే అది. చదువుటకు మాత్రమే పనికివచ్చు వెబ్ పుట గోడమీది ప్రకటన వంటిది. వెబ్ అప్లికేషను కచేరీలోని గుమాస్తా వంటిది. అడిగిన దానికి బదులు చెప్పును. చెప్పిన దానిని వ్రాసి దాచుకొనును.

నిజామాబాదు మార్కెట్టునకు పసుపు తెచ్చు రైతులకు ఇట్టి సాధనము క్రొత్తది కాదు. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వము 'ఈ-నామ్' అను జాతీయ వ్యవసాయ విపణిని ప్రారంభించెను. అందు మొదట చేరిన మార్కెట్లు ఎనిమిది రాష్ట్రములలో 21. వానిలో నిజామాబాదు ఒకటి. రైతు తెచ్చిన రాశికి అచట ఒక సంఖ్య నిత్తురు. వ్యాపారులు తాము పెట్టదలచిన ధరను కంప్యూటరు ద్వారా గాని ఫోను ద్వారా గాని గడువులోపల నమోదు చేయుదురు. ఆ గడువులో సర్వరు నిలిచిపోయినచో యార్డులోని రాశులన్నియు నిలిచిపోవలసినదే. ఎనిమిది తొమ్మిది నెలలు శ్రమించి పండించిన పంట ధర ఒక యంత్రముయొక్క నమ్మకముపై ఆధారపడి యున్నది.

అది దేశమంతటికిని పనికివచ్చు పెద్ద నిర్మాణము. ఒక చిన్న నిర్మాణమును తీసికొన్నచో పనిముట్ల యెంపిక తేలికగా బోధపడును.

భూమినుండి త్రవ్విన పసుపును రెండు మూడు దినములలో ఉడుకబెట్టవలెను. ఆలస్యమైనచో సరకు చెడును. పూర్వము పెద్ద కడాయిలలో ఉడికించెడివారు. తరువాత ఆవిరితో ఉడికించు బాయిలరులు వచ్చినవి. బాయిలరు ప్రతి యింటను ఉండదు, అద్దెకు తెచ్చుకొనవలెను. అందరి పంటయు ఇంచుమించుగా ఒకే కాలమున చేతికి వచ్చుటచే వంతులకై పోటీ తప్పదు. వంతు తెలియక త్రవ్విన రైతు తన పసుపు కుప్పను చూచుకొనుచు నిదురలేక గడపవలసి వచ్చును. భీమ్‌గల్‌లో చదువుకొన్న నలుగురు యువకులు ఈ వంతులను తెలుపుటకు ఒక వెబ్ అప్లికేషనును చేయ సంకల్పించిరని ఊహింపుడు.

వారు మొట్టమొదట తీసికొనవలసిన పనిముట్టు కాగితము, పెన్సిలు. రైతు తన పేరును, ఫోను సంఖ్యను, పసుపు ఎంత యున్నదో దానిని తెలుపవలెను. బాయిలరు యజమాని తేదీని నిర్ణయింపవలెను. వృద్ధుడైన రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: "నా వంతు ఎన్నడు?" దానికి బదులు వెంటనే కనబడవలెను. ఇంతకు మించి ఆ సాధనము చేయవలసిన పని లేదు. ఈ నాలుగు పంక్తులను వ్రాసికొనక ముందే ఏ సాఫ్ట్‌వేరు మంచిదని వాదించుట, నేలను చూడక నాగలిని కొనుట వంటిది.

బ్రౌజరులో కనబడు భాగమునకు మూడు మూలసాధనములు కలవు. పుటలో ఏది శీర్షిక, ఏది పట్టిక, ఏది ప్రశ్న యని చెప్పునది హెచ్.టి.ఎం.ఎల్. దీనిని టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచు రూపొందించెను. మొదటి బ్రౌజరును, మొదటి సర్వరును అతడే 1990లో వ్రాసెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ విద్యను రుసుము లేకుండ లోకమున కర్పించెను. అట్లు చేయకుండినచో భీమ్‌గల్ యువకులు మొదటి అక్షరమునకే సొమ్ము చెల్లింపవలసి యుండెడిదేమో! పుటయొక్క రంగును, అమరికను చూచునది సి.ఎస్.ఎస్.; దీనిని 1994లో హోకన్ వియుం లీ ప్రతిపాదించెను. పుటకు కదలికను, స్పందనను ఇచ్చునది జావాస్క్రిప్టు. బ్రెండన్ ఐక్ 1995లో దాని మొదటి రూపమును పది దినములలో నిర్మించెను. తొందరలో పుట్టిన ఆ భాషలో కొన్ని వంకరలు నేటికిని మిగిలి యున్నవి.

ఈ మూడింటి మీద కట్టిన పెద్ద పరికరములు పెక్కు కలవు. ఫేస్‌బుక్ సంస్థ 2013లో బయలుపరచిన రియాక్ట్ అట్టిది. క్షణక్షణము మారుచుండు పుటలకు అది చక్కని సాధనము. ఇరువది పేర్ల వంతుపట్టికను చూపుటకు దానిని తెచ్చుట, గిద్దెడు పసుపు దంచుటకు మిల్లును తిప్పుట. పేరుగాంచిన పరికరమును నేర్చిన ఉద్యోగము దొరకునని యువకులు భావింపవచ్చును. ఆ భావన తప్పు కాదు. కాని అది వారి ప్రయోజనము, రైతు ప్రయోజనము కాదు.

బరువును గూర్చి ఒక చిన్న లెక్క. సంకేతము బలహీనముగా నున్న పొలములో సెకనుకు 100 కిలోబిట్లు మాత్రమే ఫోనునకు చేరుననుకొన్నచో, 2 మెగాబైట్ల పుట తెరచుకొనుటకు 160 సెకనులు పట్టును. 50 కిలోబైట్ల పుటకు 4 సెకనులు చాలును. మొదటి దానికై వేచియుండు ఓపిక ఎండలో నిలిచిన మనుష్యునకు ఉండదు. పట్టణములోని వేగమైన కంప్యూటరు ముందు కూర్చుండి నిర్మించువారికి ఈ తేడా కనబడదు. కావున పాత ఫోను నొకదానిని కొని దానిపై పరీక్షించుట, ఖరీదైన పరికరమును తెచ్చుటకన్న మేలు.

సర్వరులో పనిచేయు భాగమునకు ఏది తగును? జాంగో అను పరికరమును ఇక్కడ పరిశీలింపవచ్చును. అది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ అను చిన్న పట్టణములో, ఒక వార్తాపత్రిక కార్యాలయమున పుట్టి, 2005లో లోకమునకు విడుదలయ్యెను. విలేకరులు సాయంకాలములోగా పని కావలెనని తొందరపెట్టుచుండగా రూపొందినదగుటచే, త్వరగా నిర్మించుటకు అనువుగా నుండును. నలుగురిలో ఇద్దరికి పైథాన్ భాష వచ్చియుండిన, పైథానులో వ్రాయబడిన జాంగో వారికి సహజమైన యెంపిక. వారికి పి.హెచ్.పి. వచ్చినచో పి.హెచ్.పి.యే తగును. చేతికి అలవాటైన కొడవలి క్రొత్త కొడవలికన్న బాగుగా కోయును.

ఇంకొక ఆలోచన కూడ అవసరము. ఈ ప్రాంతపు యువకులు చదువు ముగిసిన వెంటనే కొందరు హైదరాబాదునకు, కొందరు గల్ఫు దేశములకు పోవుచుందురు. ముగ్గురు వెళ్లిపోయిన పిదప మిగిలిన నాలుగవ వాడు ఒంటరిగా ఆ సాధనమును నడుపగలడా? నడుపలేనిచో, రెండవ ఏడు త్రవ్వకముల నాటికి అది మూతపడును. నిర్మించునాటి సులువుకన్న నడుపునాటి సులువు ఎక్కువ విలువ గలది. సమాచారమును దాచుటకు ఎస్‌క్యూలైట్ ఇందుకే తగియున్నది. దీనిని 2000లో రిచర్డ్ హిప్ వ్రాసెను. అమెరికా నౌకాదళపు ఓడలో వాడు ఒక ప్రోగ్రాము, పర్యవేక్షకుడు లేకుండ పనిచేయవలెనను అవసరము దానికి మూలము. సమాచారమంతయు ఒకే ఫైలులో నుండును. ప్రతి రాత్రియు ఆ ఫైలుకు ఒక నకలు తీసి వేరొక చోట దాచినచో చాలును. ఒక పల్లెకు గాని, పది పల్లెలకు గాని ఇది చాలును. లక్షల మంది ఒకేసారి వ్రాయవలసి వచ్చినపుడు మాత్రము పెద్ద దానిని వెదకుకొనవలెను.

వంతుపట్టిక తెలుగులో నుండవలెను గదా! ఇది చిన్న విషయముగా తోచును. కాని ఒకప్పుడు చాల కష్టమైన విషయము. కొన్ని పత్రికలు తమ తమ సొంత ఫాంట్లతో తెలుగును వెబ్ పుటలపై ప్రచురించెడివి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థములేని గుర్తులు కనబడెడివి. ఒక పదమును వెదకుటకు వీలుండెడిది కాదు. 1991 నాటి యూనికోడు మొదటి సంపుటములోనే తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. వాడుకలో స్థిరపడుటకు మరి కొన్నేండ్లు పట్టెను. పాత ఫాంట్ల తెలుగును యూనికోడులోనికి మార్చుటకు వెన్న నాగార్జున 'పద్మ' అను సాధనమును నిర్మించెను. ఆ పద్మను ఆధారముగా గొని వీవెన్ 'లేఖిని'ని రూపొందించెను. ఆంగ్లాక్షరముల మీటలతో తెలుగు వ్రాయుటకు అది వేలమందికి తోడ్పడినది. ఒకరు చేసిన పనిని మరియొకరు మరల చేయక దానిమీద ఇంకొక అంతస్తు కట్టిరి. మల్లన్న, ధూర్జటి, తెనాలి రామకృష్ణ మొదలగు పేర్లతో స్వేచ్ఛగా వాడుకొనదగిన తెలుగు ఫాంట్లు కూడ నేడు లభించుచున్నవి. అయితే 'తెలుగు' అను మాటకు యూనికోడు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో 18 బైట్లు పట్టును. అదే మాటను ఆంగ్లాక్షరములలో వ్రాసిన 6 చాలును. ఫాంటు దీనికి అదనపు బరువు. ఫోనులో ముందే యున్న తెలుగు ఫాంటును వాడుకొనుట వంతుపట్టికకు యుక్తము.

ఇతరుల పనిని తెచ్చుకొనుటలో మెలకువ కూడ వలయును. 2016 మార్చి 22న ఒక వింత జరిగెను. మాటకు ఎడమవైపున ఖాళీలను చేర్చు 'లెఫ్ట్‌ప్యాడ్' అను చిన్న జావాస్క్రిప్టు తునకను దాని కర్త ఉమ్మడి భాండారమునుండి తీసివేసెను. అందున్నది 11 పంక్తులు మాత్రమే. దానిపై ఆధారపడిన వేలకొలది నిర్మాణములు ఒక్కసారిగా ఆగిపోయినవి. ఇంచుమించు రెండు గంటలలో దానిని తిరిగి చేర్చిరి. తాము ఆ తునకపై ఆధారపడి యున్నామని నిర్మాతలలో చాలమందికి అంతవరకు తెలియనే తెలియదు.

ఒకే సంస్థ చేతిలోనున్న సాధనముతోనూ ఇట్టి చిక్కు కలదు. అడోబీ సంస్థవారి ఫ్లాష్‌తో ఒకప్పుడు పాఠములు, ఆటలు, బొమ్మలు విరివిగా చేయబడినవి. 2020 డిసెంబరు 31తో ఆ సంస్థ దానికి మద్దతును నిలిపివేసెను. ఆ పాఠములు తెరచుకొనకపోయెను. 1991 నాటి మొదటి వెబ్ పుటయో, సాదా హెచ్.టి.ఎం.ఎల్.లో నుండుటచే నేటి ఫోనులోను తెరచుకొనును. నిజామాబాదు జిల్లా వారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. బోధన్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందెను. దానిని నమ్మి చుట్టుప్రక్కల రైతులు చెరకు వేసిరి. 2015లో అది మూతపడగా చెరకును దూరముననున్న మిల్లులకు పంపుటయో, వేరు పంటకు మారుటయో చేయవలసి వచ్చెను. కావున ఏ సాధనమును ఎన్నుకొనినను, అందులో దాచిన పేర్లను, తేదీలను మరియొక సాధనములోనికి ఎత్తుకొనిపోవు దారి యున్నదో లేదో ముందుగానే చూడవలెను.

రైతుల ఫోను సంఖ్యలు అందరికిని కనబడకుండ కాపాడవలెను. వంతుపట్టికలో పేరు, తేదీ చాలును. సంఖ్య యజమానికి మాత్రమే కనబడవలెను.

ఇక ఫోనులో చదువనేర్వని రైతుల మాట. వారికొరకు బాయిలరు వద్దనున్న పాత నోటుపుస్తకమును తీసివేయరాదు. మొదటి సంవత్సరమంతయు పుస్తకములోను, ఫోనులోను ఒకే వంతును వ్రాయుచు, ప్రతి సాయంకాలము రెండింటిని ప్రక్క ప్రక్కన నుంచి సరిచూడవలసి యుండును. తేడా వచ్చిననాడు పుస్తకములోని వంతే చెల్లును.