బారెన్ ద్వీపం: మన సజీవ అగ్నిపర్వతం

దేశంలో ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం ఏదంటే పోటీ పరీక్షల అభ్యర్థులు తడుముకోకుండా బారెన్ ద్వీపం అంటారు. అయితే అది అక్కడే ఎందుకు పుట్టిందో తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యం. అండమాన్ సముద్రంలో భారత ఫలకం బర్మా ఫలకం కిందికి దిగుతోంది. అలా దిగిన ఫలకం లోతుల్లో నీటిని విడుదల చేస్తుంది. ఆ నీటివల్ల పైనున్న ప్రావార శిలల ద్రవీభవన స్థానం తగ్గి శిలాద్రవం తయారవుతుంది. దిగిన ఫలకమే కరిగిపోతుందని రాయడం చాలామంది చేసే పొరపాటు.

ఈ ద్వీపం మధ్యలో సుమారు 2 కి.మీ. వెడల్పున్న కాల్డెరా (కుంగి ఏర్పడిన పెద్ద బిలం), అందులో కొత్త శంకువు ఉన్నాయి. 1787 నుంచి నమోదైన విస్ఫోటనాల తర్వాత, చాలాకాలం నిద్రాణంగా ఉండి 1991లో మళ్లీ మేల్కొంది. అండమాన్ సముద్రంలోనే ఉన్న మరో అగ్నిపర్వత ద్వీపం నార్కొండం మాత్రం క్రియాశీలం కాదు.

అగ్నిపర్వతాలన్నీ ఒకే ఆకారంలో ఉండవు. సిలికా తక్కువైతే లావా పలచగా దూరం పారి, హవాయిలోలా వాలు తక్కువున్న కవచ అగ్నిపర్వతాలు ఏర్పడతాయి. 2018లో అక్కడి కిలావేయా అగ్నిపర్వతం లావా సముద్రంలో కొత్త నేలను చేర్చింది. అదే సమయంలో శిఖర బిలం అడుగు దాదాపు 500 మీటర్లు కుంగింది. నిర్మాణం, విధ్వంసం రెండూ ఒకే పర్వతం మీద!

తెలుగు నేల మీదా లావా ఆనవాళ్లున్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావా ప్రవాహాల బసాల్ట్ ఆదిలాబాద్ ప్రాంతంలో నల్లరేగడి నేలలకు మూలం. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి బసాల్ట్ కూడా ఆ ప్రవాహాలకు సంబంధించినదే.