టీవీ యూనిట్‌లోని కంప్యూటర్‌కు గాలి దారి

తిరుపతిలో కొత్త ఇళ్లలో టీవీ యూనిట్ అంటే గోడంత ప్లైవుడ్ పెట్టె. సెట్‌టాప్ బాక్సు, రౌటర్, సినిమాల కోసం కొన్న చిన్న కంప్యూటర్ అన్నీ అద్దం తలుపు వెనకే. మామూలు రోజుల్లో చెల్లిపోతుంది. కత్తిరి ఎండల్లో హాలే ఉడికిపోతుంటే మూసిన ఆ అర సంగతి చెప్పాలా? అందులోనూ తెల్లవారి సుప్రభాతం మొదలు రాత్రిదాకా ఎస్వీబీసీ భక్తి ఛానల్ నడిచే ఇల్లయితే యంత్రానికి ఊపిరాడదు.

ముందు జబ్బు ఎక్కడుందో చూడండి. హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, తలుపు తీసి గంటసేపు సినిమా నడిపి ప్రాసెసర్ వేడి రాసుకోండి. తలుపు మూసి మరో గంట చూడండి. పదిహేను డిగ్రీలు పెరిగితే తప్పు అరది. తలుపు తీసినా మండుతుంటే కంప్యూటర్ లోపలే దుమ్ము పేరుకుని ఉండొచ్చు. ముందు అది దులపాలి.

తర్వాత సర్దుబాటు. కంప్యూటర్‌ను అరలో ఒంటరిగా ఉంచండి. దాని నెత్తిన రౌటర్ పెట్టొద్దు. చుట్టూ బెత్తెడు ఖాళీ ఉండాలి.

ఇక అసలు పని. ఫ్యాన్ కొని లోపల పెట్టేస్తే చల్లబడుతుందనుకుంటారు చాలామంది. బయటికి దారి లేకపోతే అది ఉన్న వేడిగాలినే తిప్పుతుంది. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి వెనక పలకలో పైమూలన 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు రంధ్రం కోయించండి. గోడకూ పలకకూ మధ్య రెండంగుళాలైనా సందు కావాలి. అందరూ మరిచేది లోపలికొచ్చే దారి. ఫ్యాన్ రంధ్రం వైశాల్యం సుమారు 113 చదరపు సెంటీమీటర్లు. లోపలికొచ్చే దారి అంతకు తగ్గకూడదు. దానికి చివర్లో కొట్టించే దోమల జాలీ కొంత అడ్డుపడుతుంది కాబట్టి 3 సెంటీమీటర్ల వెడల్పు, 60 పొడవున్న చీలిక సరిపోతుంది. కొత్త సన్‌మైకా కోయాలంటే కార్పెంటర్‌కు మనసొప్పదు, మీకూ ఒప్పదు. యూనిట్ గోడకు వేలాడేదైతే ఫ్యాన్‌కు ఎదురుమూలగా అడుగు పలకలో కోయించండి, ఎవరికీ కనబడదు.

ఫ్యాన్ ఏ వైపు బిగించాలి? చట్రం అంచుకు అడ్డంగా బాణం గుర్తు ఉంటే అదే గాలి పోయే దిక్కు. లేకపోతే ఫ్యాన్ నడిపి టిష్యూ కాగితం పట్టండి: కాగితం అతుక్కునే వైపు అర లోపలికి ఉండాలి. మూలనపడ్డ పాత రౌటర్ అడాప్టర్ 12 వోల్టులదైతే దాన్నే వాడొచ్చు. ఎర్ర తీగ ప్లస్, నల్ల తీగ మైనస్. చప్పుడెక్కువైతే 9 వోల్టులది పెట్టి చూడండి. 50 వాట్లు తినే కంప్యూటర్‌కు నిమిషానికి 20 ఘనపుటడుగుల గాలి కదిలితే చాలు, అర వేడి గదికన్నా నాలుగైదు డిగ్రీలే ఎక్కువుంటుంది.

తలుపు మూసి, కింది చీలిక దగ్గర ఊదొత్తి బయటే పట్టుకోండి. పొగ లోపలికి లాక్కుపోతే గాలి దారి కుదిరినట్టే. చెదిరిపోతుంటే ఎక్కడో సందు ఉంది; వైర్ల కోసం కోసిన రంధ్రాలు వెతికి మూయండి.

చివరగా చీలికకు దోమల జాలీ కొట్టించండి, బల్లులూ బొద్దింకలూ చేరవు. ఆ జాలీని నెలకోసారి బ్రష్‌తో దులపాలి. గది వేడికన్నా కిందికి దించడం మాత్రం ఏ ఫ్యాన్ వల్లా కాదు. కాబట్టి మే నెల మధ్యాహ్నాల్లో తలుపు తీసే ఉంచండి, అందం సంగతి జూన్‌లో చూసుకోవచ్చు.