పీఎఫ్ ఖాతా ఖాళీ చేసే ముందు

ఒక ఉద్యోగం మానేసి ఇంకోటి వెతుక్కునే రోజుల్లో చాలామంది చూపు పీఎఫ్ మీద పడుతుంది. ‘నా డబ్బే కదా’ అంటారు. మీ డబ్బే, కాదనను. అయితే అందులో యాభై ఎనిమిదేళ్ల వయసులో ఉండబోయే మీకూ వాటా ఉంది. ఆ మనిషి ఇవాళ వచ్చి అడగలేడు. ఆయన తరఫున మాట్లాడాల్సింది మీరే.

ముందు కాగితం మీద లెక్క వేయండి. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఇదే రేటు సాగితే, ముప్పై మూడో ఏట కదపకుండా ఉంచిన రెండు లక్షలు యాభై ఎనిమిదో ఏటికి పద్నాలుగున్నర లక్షలవుతాయి. ఆ రెండు లక్షలు పెట్టి బైకు కొనాలా వద్దా అన్నది ఈ అంకె చూశాక తేల్చుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే మామూలుగా పన్ను కూడా పడుతుంది. కొత్త కంపెనీ ఖాతాకు బదిలీ చేసుకుంటే పాత సర్వీసు ఆ ఐదేళ్లలో కలుస్తుంది.

అసలు నష్టం మాత్రం పెన్షన్‌లో ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు. యాజమాన్యం ఇచ్చే 12 శాతంలో 8.33 శాతం, అదీ 15,000 రూపాయల వేతనం వరకే లెక్కగట్టి, 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకానికి వెళ్తుంది. నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. పెన్షన్ వేతనాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. 15,000 మీద పదేళ్లకు నెలకు సుమారు 2,143 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ బతికున్నంత కాలం వస్తుంది, తర్వాత జీవిత భాగస్వామికి కుటుంబ పెన్షన్ ఉంటుంది. నాలుగేళ్లకోసారి కంపెనీ మారుతూ, మారినప్పుడల్లా ఫారం 10సీ పెట్టి పెన్షన్ సొమ్ము తీసుకున్నవాళ్లు పన్నెండేళ్లు కష్టపడ్డా, చేతిలో పదేళ్ల సర్వీసు ఉండదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

బదిలీ చేశాక పాస్‌బుక్‌లో పాత పెన్షన్ సొమ్ము కనపడక కొందరు కంగారు పడతారు. అక్కర్లేదు. పీఎఫ్‌లో డబ్బు బదిలీ అవుతుంది, పెన్షన్‌లో సర్వీసు బదిలీ అవుతుంది. కాబట్టి చూసుకోవాల్సింది సర్వీసు హిస్టరీ.

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మాత్రం వెనకాడకండి. ఫారం 31 కింద అడ్వాన్సు ఉన్నది అందుకే. అధిక వడ్డీకి అప్పు తెచ్చి పీఎఫ్‌ను కాపాడుకోవడం పొదుపు అనిపించుకోదు. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ ధర్మకర్తల మండలి, డబ్బు తీసుకోవడాన్ని తేలిక చేస్తూనే, జమలో 25 శాతం ఖాతాలోనే ఉండాలని నిర్ణయించింది. పావు వంతుకు వాళ్లు కంచె వేశారు. మిగతా ముప్పావుకు మీరే వేసుకోవాలి. ప్రాణం, చదువు, గూడు వంటి రెండు మూడు అవసరాలు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఆ జాబితాలో లేనిదానికి తీయనని ఇంట్లోవాళ్ల ముందే చెప్పండి. చేతిలో డబ్బు లేని నెలలో కొత్తగా ఆలోచిస్తే, ప్రతి కోరికా అవసరంలాగే కనిపిస్తుంది.

ఇక పని మొదలుపెట్టండి. మన తెలుగువాళ్లకు పేరుతోనే చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కంపెనీ రికార్డులో పొడి అక్షరమే ఉంటుంది. ఈ తేడాకే బదిలీలు ఆగిపోతాయి. ఉద్యోగంలో ఉండగానే, హెచ్‌ఆర్ వాళ్లు ఫోనెత్తే రోజుల్లోనే సరిచేయించుకోండి. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోతే, రెండు నెలలు ఆగి యూఏఎన్ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. నామినీ పేరు కూడా చూడండి. పెళ్లికి ముందు రాసింది పెళ్లయ్యాక చెల్లదు, మళ్లీ ఇవ్వాలి.