పట్టేసిన మెడకు లాగుడొక్కటే మందు కాదమ్మా!

సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేస్తుంది. వంట ముగించి స్టవ్ దగ్గర్నుంచి కదిలేసరికి నడుం పీకేస్తుంటుంది. కింద పడ్డ చెంచా తీయడానికి వంగితే తొడ వెనక గుంజేస్తుంది. ‘వయసు మీద పడుతోందిలే’ అనుకుని, ఇంత బామ్ రాసుకుని పడుకుంటాం. అవునా, కాదా? కాస్త అలా కూర్చోండి అమ్మాయిలూ, మాట్లాడుకుందాం. నేరమంతా వయసు మీదికి తోసెయ్యొద్దు. రోజంతా ఒంటిని ఎలా వాడుతున్నామో కూడా చూసుకోవాలిగా!

మన కండరాలు జంటలుగా పనిచేస్తాయి. మోచెయ్యి మడిస్తే జబ్బ ముందువైపు కండరం బిగుస్తుంది, వెనకవైపుది సడలి దానికి దారిస్తుంది. పందిరి గుంజకు రెండు వైపులా కట్టిన తాళ్ల లాంటివనుకోండి. ఒకటి మరీ బిగిసి, రెండోది వదులైతే గుంజ ఒరిగిపోతుంది. మనమేమో బిగిసినదాన్నే పట్టుకు లాగుతుంటాం. వదులైన రెండోదాని సంగతి ఎవరు చూడాలి మరి?

ఈ సంగతిని ఏళ్ల తరబడి పరిశీలించిన చెక్ వైద్యుడు ఒకాయన ఉన్నాడు, వ్లదిమీర్ యాండా (1928–2002). కుర్రవయసులోనే పోలియో బారిన పడిన మనిషి. మెడ వెనక, బుజాల పైన, ఛాతీ ముందు ఉండే కండరాలు బిగుసుకుపోతుంటే, మెడ ముందువైపు లోతుగా ఉండేవి, వీపు రెక్కల మధ్యవి నీరసిస్తుంటాయని ఆయన గమనించాడు. బిగిసినవాటిని ఒక గీతతో, నీరసించినవాటిని ఇంకో గీతతో కలిపితే ఇంటూ గుర్తు వస్తుంది. నడుం దగ్గరా ఇదే కథ. నడుం వెనక, తుంటి ముందు బిగుసుకుంటాయి. పొట్ట, పిరుదుల కండరాలు బద్ధకిస్తాయి. ఇదంతా చదివి అద్దం ముందు నిలబడి దిగులుపడకండి. కుడి ఎడమల్లో కొద్దిపాటి తేడా అందరికీ ఉంటుంది. కాస్త వంగి కూర్చున్న ప్రతివాళ్లకీ నొప్పి రావాలనీ లేదు. ఒకే తీరున గంటలకొద్దీ ఉండిపోవడమే మనకు చేటు.

ముందు మెడ, బుజాల సంగతి చూద్దాం. గుమ్మంలో నిలబడి, బుజాల ఎత్తున మోచేతులు రెండు వైపులా ద్వారబంధానికి ఆనించి, ఒక అడుగు ముందుకు వేయండి. ఛాతీ హాయిగా విచ్చుకుంటుంది. 30 సెకన్లు అలాగే ఉండండి. అక్కడితో వెళ్లిపోకూడదు సుమా! గోడకు వీపు ఆనించి, తల పైకెత్తకుండా గడ్డాన్ని మెల్లగా వెనక్కి జరపండి. వీపు రెక్కల్ని దగ్గరికి తెచ్చి 5 సెకన్లు ఆపి వదలండి. ఇలా పదిసార్లు చేస్తే నీరసించిన జోడీకి కూడా పని పడుతుంది.

నడుం పీకేవాళ్లు చాప పరవండి. మడత పెట్టిన దుప్పటి మీద ఒక మోకాలు ఆనించి, రెండో పాదం ముందుకు పెట్టి, పిరుదులు బిగించి ఒంటిని కొంచెం ముందుకు జరపండి. నడుం మాత్రం వెనక్కి విరవకండి. తుంటి ముందుభాగం సాగడం తెలుస్తుంది. రెండో వైపూ అయ్యాక వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదుల్ని పైకెత్తి దించండి. తొడ వెనక గుంజేవాళ్లు అలా పడుకునే ఉండి, పాత చున్నీని పాదానికి తగిలించి, కాలు మెల్లగా పైకి తెచ్చుకోవచ్చు. మోకాలు కాస్త వంగితే వంగనివ్వండి, పోటీ ఏం లేదుగా!

ఎంతసేపు చేయాలంటారా? అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ చెప్పేది మనకు అందుబాటులోదే. ఒక్కోసారి 10 నుంచి 30 సెకన్లు, వయసు మళ్లినవాళ్లైతే 30 నుంచి 60 సెకన్లు. ఒక్కో సాగదీతకు మొత్తం ఒక నిమిషం వచ్చేలా, వారానికి కనీసం రెండు మూడు రోజులు. కాసేపు నడిచి ఒళ్లు వెచ్చబడ్డాక చేస్తే సుఖం. ఊగుతూ కుదుపులిచ్చారంటే కండరం తనను కాపాడుకోవడానికి ఇంకా బిగుస్తుంది. ఊపిరి బిగపట్టకండి. పరుగుకో ఆటకో వెళ్లేముందు మాత్రం నిమిషానికి మించి ఒకేచోట సాగదీయొద్దు, ఆ కాసేపు బలం తగ్గుతుంది. చేతులూ కాళ్లూ కదిలిస్తూ ఒళ్లు వేడెక్కించుకుంటే చాలు.

మరి మిగతా రోజంతా? పిల్లను ఎప్పుడూ ఎడమ చంకనే ఎత్తుకుంటున్నారా? ఈసారి కుడివైపు మార్చండి. బ్యాగునూ అంతే. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట వినాల్సిందే. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతున్నా, పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా సాగదీతలు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నలభై దాటాక, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకు, బుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవకపోతే దాన్ని బలవంతంగా లాగకండి, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. గర్భిణులు, కీళ్లు ముందే మరీ వదులుగా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి.

‘ఇంటి పనుల్లో తీరికెక్కడిది అక్కా’ అంటారని తెలుసు. రాత్రి టీవీలో సీరియల్ మొదలవగానే దాని ముందే చాప వేసేయండి. మొదట ఒక్క జంటతో చాలు, ఒకటి సాగదీయడం, ఒకటి బలం పెంచడం. మొదటి వారాల్లో కనిపించే తేడా చాలావరకు సాగుడుకు ఒళ్లు అలవాటు పడడం వల్ల వచ్చేదే, కాబట్టి నొప్పి తగ్గిందని మధ్యలో వదిలేయకండి. చాప మీదున్న ఆ కాసేపట్లో ఎవరైనా మంచినీళ్లు అడిగితే, బిందె ఎక్కడుందో చెప్పండి. వాళ్లే తెచ్చుకుంటారు, మీకూ ఓ గ్లాసు తెస్తారు.