వేళ్లు తెల్లబడుట, దగ్గు వీడకుండుట: నేతవారు తెలిసికొనదగిన వ్యాధి

మన ఇండ్లలో ఎడతెగని దగ్గు వచ్చినచో నూలు దుమ్మనియో, క్షయ అనియో అనుకొనుట పరిపాటి. చాలసార్లు అది నిజమే. కాని దగ్గుతోపాటు వేళ్లు, చర్మము కూడ మారుచున్నచో మూడవ కారణ మొకటి ఉండవచ్చును. దానిని గూర్చి ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఆ వ్యాధి పేరు స్క్లీరోడెర్మా. గ్రీకు భాషలో గట్టి చర్మమని అర్థము. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దానిపై తిరుగబడును. చర్మములోను, ఊపిరితిత్తులలోను నారవంటి పదార్థము పేరుకొనును. గంజి హెచ్చిన పడుగువలె ఊపిరితిత్తి బిరుసెక్కి, గాలిని చాలినంత పీల్చలేదు. ఇది అంటువ్యాధి కాదు. స్త్రీలకు ఎక్కువగా వచ్చును. సాధారణముగా 30–50 ఏండ్ల మధ్య ఆరంభమగును.

చర్మపు గుర్తులు: చన్నీళ్లు తగిలినప్పుడు వేళ్లు తెల్లబడి, నీలమై, పిదప ఎర్రబడును. ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో దీనిని 1862లో వర్ణించెను. ఇది ఒక్కటే ఉన్నవారిలో చాలమందికి పెద్ద వ్యాధి ఉండదు. కాని వేళ్లు ఉబ్బి చర్మము బిగిసినను, వేలికొనలందు మానని పుండ్లు లేచినను, తెగిన పోగు ముడివేయుట కష్టమైనను ఉపేక్షింపరాదు.

ఊపిరితిత్తుల గుర్తులు: పొడిదగ్గు, మెట్లెక్కునప్పుడు ఆయాసము. దూదిధూళి వలని బాధ మొదట్లో సెలవునాడు తగ్గి, తిరిగి పనిలో దిగిననాడు హెచ్చును. ఇది సెలవునాడును తగ్గదు. కొందరికి ఆరంభమున ఏ బాధయు తెలియదు. మామూలు ఎక్స్‌రేలోను తొలిదశ కనబడకపోవచ్చును. కనుక వ్యాధి నిర్ధారణ కాగానే, దగ్గు లేకున్నను, ఊపిరి ఊదు పరీక్షయు ఛాతీకి సీటీ స్కానును చేయించవలెను.

బిరుసెక్కిన భాగము మరల మెత్తబడుట అరుదు. మిగిలినదానిని మందులతో కాపాడవచ్చును. మైకోఫినోలేట్ వాడుకలో ఉన్నది. నింటెడానిబ్‌కు ఇందులకై 2019లో అమెరికాలో అనుమతి లభించినది. కనుక ఆలస్యమే నష్టము.

చేయవలసినవి:

1. కఫపరీక్షలో క్షయ లేదని తేలియు దగ్గు తగ్గనిచో, వేళ్ల సంగతి కూడ వైద్యునికి చెప్పుడు.

2. స్టిరాయిడ్ మాత్రలు స్వయముగా కొని మ్రింగకుడు. ఈ వ్యాధిలో ఎక్కువ మోతాదు మూత్రపిండములకు ప్రమాదకరము. రక్తపుపోటు చూపించుకొనుచుండుడు.

3. బీడీ, చుట్ట మానుడు. నూలు తడుపుట, రంగు అద్దుట వంటి చన్నీళ్ల పని ఇంటిలో మరొకరు చేయుడు.

వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలోను, పుదుచ్చేరి జిప్మెర్‌లోను ఇట్టి వ్యాధులకు ప్రత్యేక శాఖలున్నవి.

ఒక సభ్యురాలు నేసిన గజములు తగ్గినచో సోమరితనమని తలపక, ముందు ఆమె చేతులను చూడుడని సంఘ కార్యదర్శులను కోరుచున్నాము.