పోయిన రేకు

టెక్కలి పేరు చరిత్రకారులకు రాగిరేకుల వలన పరిచితము. కళింగదేశమును పాలించిన తూర్పు గంగరాజులు, ఇంద్రవర్మ, దేవేంద్రవర్మ మొదలగువారు, భూదానములు చేసినప్పుడు ఆ దానపత్రములను రాగిరేకులపై చెక్కించి ఇచ్చుచుండిరి. అట్టివానిలో కొన్ని టెక్కలి శాసనములను పేరుతో ప్రకటింపబడియున్నవి.

దానపత్రము దీర్ఘమైనది, ఒక్క రేకుపై పట్టదు. కనుక కొన్ని రేకులను తీసికొని, ఒక్కొక్కదానికి ఒక ప్రక్క రంధ్రము చేసి, అన్నింటిని వరుసగా ఒక కడియమునకు గ్రుచ్చుదురు. కడియపు కొనలను అతికి, ఆ యతుకు మీద రాజముద్ర నుంచుదురు. మొదటి రేకు వెలుపలి ముఖమున సాధారణముగా ఏమియు వ్రాయరు; అది పుస్తకమునకు అట్టవంటిది. పెక్కు రేకులకు అంచులు కొంచెము పైకి లేపబడియుండును. ఒక రేకు మరియొక రేకుతో ఒరసికొని అక్షరములు అరిగిపోకుండుటకు ఇది యుపాయము. వేయి సంవత్సరముల క్రిందటి కంసాలి వ్రాతను కాపాడుటకు ఇంత యాలోచించెను.

అయినను కడియము తెగవచ్చును. రేకులు చెదరవచ్చును. నాగలి మొనకు తగిలి ఒకటి విరుగవచ్చును. మట్టిలో చిలుముపట్టి మరియొకటి చదువరాకుండ పోవచ్చును. అప్పుడు చదువువాడు ఏమి చేయవలెను?

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) ముఖలింగ క్షేత్రమందలి శాసనములను చదువవలెనను కోరికతో ప్రాచీన లిపులను స్వయంకృషిచే నేర్చుకొనిరి. శకవర్షము 979, అనగా క్రీస్తుశకము 1057 ప్రాంతమునకు చెందిన వజ్రహస్తుని నడగాం శాసనమును వారు ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిరి. వ్యావహారిక భాషకై పోరాడిన గిడుగువారిని అందరును ఎరుగుదురు. రాగిరేకులు చదివిన గిడుగువారిని ఎరిగినవారు తక్కువ.

శాసన పరిశోధకుల పద్ధతి ఇట్టిది. మొదట రేకులకు ముద్రనకళ్లు తీయుదురు. అనగా రేకుపై కాగితము నొత్తి, ఆ కాగితముపై సిరా అద్ది, అక్షరముల యచ్చును దింపుకొందురు. చదువుట, దిద్దుట, తర్కించుట, అంతయు ఆ నకలు మీదనే. మూలమును గీకి చూచువాడు పరిశోధకుడు కాడు. పిమ్మట ఒక రేకు చివర తెగిన వాక్యము ఏ రేకు మొదట కొనసాగుచున్నదో చూచి వరుసను నిర్ణయింతురు. ఒక చోట అక్షరము అరిగిపోయినచో, అదే రాజు ఇచ్చిన ఇతర శాసనములతో పోల్చుదురు. వజ్రహస్తుని శాసనములు పెక్కింటి యందు వంశస్తుతి ఒకే పాఠముగా నున్నది; కావున ఒకదానిలో పోయిన అక్షరము మరియొకదానిలో దొరకును. అట్లు పూరించిన యక్షరమునకు కుండలీకరణ చిహ్నము పెట్టుదురు. ఏది రేకుపై ఉన్నదో, ఏది తాము చేర్చినదో చదువరికి తెలియవలెను గదా.

ఇచ్చట ఒక విచిత్రము గలదు. రాజుగారి ప్రశంస పది శాసనములలో ఉన్నది గనుక ఎన్ని రేకులు పోయినను నిలిచినది. దానమిచ్చిన గ్రామమునకు తూర్పున ఏ చెరువు, దక్షిణమున ఏ పుట్ట హద్దు అను విషయము ఆ యొక్క శాసనమునందే యున్నది. ఆ రేకు పోయినచో ఎంతటి పండితుడును దానిని తిరిగి తేజాలడు. రెండవచోట లేనిది ఒక్కసారి పోయిన పోయినట్లే.

నేడు లెక్కలును పత్రములును రాగిపై లేవు. కంప్యూటరు డిస్కులపై ఉన్నవి. వేగముగా తిరుగు పళ్లెములపై నున్న పలుచని అయస్కాంతపు పూతలో ప్రతి విషయమును 0, 1 అను రెండంకెలుగా మార్చి వ్రాయుదురు. (పళ్లెములు లేని డిస్కులును ఇప్పుడు విరివిగా వచ్చినవి.) పెద్ద కార్యాలయముల యందు ఒక డిస్కు చాలదు. పలు డిస్కులను చేర్చి, ఒక్కొక్క పత్రమును తునుకలు చేసి, వానిని వరుసగా అన్నింటిపై పంచి వ్రాయుదురు. ఏ తునుక ఏ డిస్కుపై ఏ తావున ఉన్నదో తెలుపు పట్టిక యొకటి ఉండును. ఈ పంపకమును, పట్టికను నడుపు వ్యవస్థకే ఫైల్ సిస్టమ్ అని పేరు. రాగిరేకులకు కడియమెట్టిదో డిస్కులకు ఆ పట్టిక యట్టిది. తునుకలన్నియు భద్రముగానే యుండి పట్టిక మాత్రము చెడినచో, కడియము తెగి రేకులు రాశిగా పడినట్లే యగును.

ఒక డిస్కు పూర్తిగా చెడినచో దాని మీది తునుకల మాట ఏమి? 1988లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు పండితులు ఒక వ్యాసమున ఈ ప్రశ్నను చర్చించి, చౌక డిస్కుల సమూహమునకు రెయిడ్ అని పేరు పెట్టిరి. అందలి ఒక యుపాయము ఎనిమిదవ తరగతి విద్యార్థికి కష్టము కాదు. మూడు డిస్కులపై వరుసగా 1, 0, 1 అని యున్నదనుకొనుడు. నాలుగింటిలోను ఒకట్ల సంఖ్య సరిసంఖ్య యగునట్లు నాలుగవ డిస్కుపై ఒక యంకె వ్రాయవలెను. ఒకట్లు ఇప్పటికే రెండున్నవి గనుక నాలుగవది 0. ఇప్పుడు రెండవ డిస్కు చెడినది. మిగిలినవి 1, 1, 0. ఒకట్లు సరిసంఖ్యగానే యున్నవి గనుక పోయినది 0 కావలెను. 1 అగుటకు వీలులేదు. కోట్లకొలది యంకెలకు ఇదే లెక్కను చేసి, చెడిన డిస్కును క్రొత్త డిస్కుపై తిరిగి వ్రాయుదురు. వాడుకలో ఈ సరిచూచు అంకెలను ఒకే డిస్కుపై గాక అన్నింటిపైనను పంచుట కలదు. లెక్క మాత్రము ఇదియే.

అయితే ఇది ఒక్క డిస్కు నష్టమునకే చాలును. రెండు పోయినచో ఒక సమీకరణమున రెండు అవ్యక్తములున్నట్లే, సాధనము లేదు. రెండు నష్టములకు ఓర్చు ఏర్పాట్లును కలవు, వానికి రెండు విధములైన సరిచూచు అంకెలు కావలెను.

మరియొక చిక్కు. డిస్కు చెడకయే, దాని మీది యొక యంకె తనంతట మారవచ్చును. ఒకట్ల సంఖ్య బేసి యైనచో ఎచ్చటనో తప్పున్నదని తెలియును గాని, ఎవరిది తప్పో తెలియదు. దీనికొక మార్గము పలాస జీడిపప్పు వ్యాపారికి తెలిసినదే. ప్రతి డబ్బాపై తూకము చీటి యంటింపబడును. దారిలో ఒక డబ్బా తూకము తగ్గినచో వంద డబ్బాలలో ఏది తేడాయో చీటి చెప్పును. అట్లే ప్రతి తునుకకును దాని యంకెలనుండి లెక్కగట్టిన ఒక గుర్తును వేరుగా వ్రాసియుంచుదురు. గుర్తు ఏది చెడినదో చెప్పును. సరిచూచు అంకె సరియైనది ఏదో చెప్పును. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2005లో బహిరంగపరచిన జెడ్‌ఎఫ్‌ఎస్ అను వ్యవస్థ ఈ రెంటిని కలిపి వాడును. అది ప్రాతవ్రాతపై క్రొత్తవ్రాత వ్రాయదు; క్రొత్తదానిని వేరుచోట వ్రాసి, అంతయు ముగిసిన పిమ్మటనే పట్టికను మార్చును. నడుమ విద్యుత్తు పోయినను వెనుకటి పట్టిక చెడక యుండును.

విద్యుత్తు పోవుట యనగానేమో ఉద్దానము వారికి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు; ఒక్కొక్క విసురు 165 వరకు. కొబ్బరితోటలు, జీడితోటలు నేలవ్రాలినవి. విద్యుత్ స్తంభములు వేలకొలది కూలినవి. పెక్కు గ్రామములు అనేక దినములు చీకటిలో నుండెను. అట్టి రాత్రి డిస్కులపై ఒక తునుక వ్రాయబడి, దాని సరిచూచు అంకె వ్రాయబడకముందే విద్యుత్తు ఆగినచో, తరువాత ఆ లెక్క తప్పుచెప్పును.

ఉద్దానమున ఈ యంకెలకు ప్రాణములతో సంబంధము గలదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతములందు దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి పెక్కు కుటుంబములను పీడించుచున్నది. దానికి కారణము పూర్తిగా నిర్ణయింపబడలేదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడెను. ఈ వ్యాధిలో రక్తమందలి క్రియాటినిన్ ఎంతయున్నదను దానికంటె, అది యేటేట ఎట్లు మారినదను విషయము వైద్యునకు ముఖ్యము. నేటి యంకెను నేడు కొలువవచ్చును. మూడేండ్ల క్రిందటి యంకెను ఏ యంత్రమును నేడు కొలువజాలదు.

ఒక ఆరోగ్యకేంద్రమును ఊహింపుడు. నాలుగు డిస్కులున్న కంప్యూటరులో రోగుల వివరములున్నవి. గాలివాన రాత్రి విద్యుత్తు పలుమార్లు వచ్చిపోయినది. ఉదయమునకు ఒక డిస్కు పలుకలేదు, మరియొకదానియందు కొన్ని తావులు చదువుటకు వీలులేదు, పట్టిక తెరువబడలేదు. కంప్యూటరు తెరపై, బాగుచేయుమందువా యను ప్రశ్న కనబడినది. అక్కడి యువకుడు ఔననబోయి ఆగెను. ఆగుట మంచిదయ్యెను. బాగుచేయు ఆజ్ఞ మూలము మీదనే వ్రాయును. తప్పు పట్టికను నమ్మి వ్రాసినచో, అప్పటివరకు మిగిలినది కూడ పోవును.

పనితెలిసిన సాంకేతికుడు వచ్చి మొదట కంప్యూటరు నార్పెను. ఏ డిస్కు ఏ అరలో నుండెనో ప్రతిదానిపై చీటి యంటించెను. వరుస మరచినచో రేకులు కలిసిపోయినట్లే గదా! తరువాత ఒక్కొక్క డిస్కునకు సంపూర్ణమైన నకలు తీసెను. ఇందులకు డిడిరెస్క్యూ అను ఉచితమైన సాధనము కలదు. అది మొదట సులభముగా చదువబడు తావులన్నింటిని చదివివేయును. మొరాయించు తావులకు పిదప తిరిగివచ్చును. చదువలేకపోయిన ప్రతి తావును ఒక జాబితాలో వ్రాసికొనును. బలహీనమైన డిస్కు ఎప్పుడు పూర్తిగా ఆగునో తెలియదు గనుక ఈ క్రమము చాల వివేకమైనది. చనిపోయిన డిస్కును వదలి, మిగిలిన మూడింటి నకళ్లను చేర్చి, ఆ సరిసంఖ్య లెక్కతో నాలుగవదానిని కట్టెను. మూలమైన డిస్కులను బీరువాలో పెట్టించి తాళము వేయించెను.

పట్టికకు కూడ ప్రతులుండును. పెక్కు వ్యవస్థలు ముఖ్యమైన ఆరంభ వివరములను పలుచోట్ల వ్రాసియుంచును. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి డిస్కునకు మొదట రెండు, చివర రెండు ప్రతులను ఉంచును. ఒక ప్రతి చెడినను మరియొక ప్రతి ద్వారా సాంకేతికుడు నకళ్లను చదువుటకు మాత్రమే తెరచెను, వ్రాయుటకు కాదు. రోగుల వివరములు దాదాపు అన్నియు వచ్చినవి.

కాని చనిపోయిన డిస్కులోని తునుకయు, రెండవ డిస్కులో చదువరాని తునుకయు ఒకే వరుసలో పడినచోట లెక్క సాగలేదు. అట్టి యొక చోట ఒక వృద్ధుని వివరములుండెను. ఎనిమిది పరీక్షలలో ఏడు వచ్చినవి. నడుమ నొకటి లేదు. దాని ముందరిది 1.9, తరువాతది 2.6. యువకుడు, "2.2 అని వేయుదుమా అన్నా? సుమారు అంతే యుండును" అనెను. సాంకేతికుడు అంగీకరింపలేదు. ఆ గడిని ఖాళీగా వదలి, చదువబడలేదని వ్రాసెను.

తరువాతి వారము ఆ వృద్ధుడు వచ్చెను. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో తాను ఇన్నేండ్లుగా దాచుకొన్న పరీక్ష చీటీలు. నడిమి చీటి దొరకెను. దానిపై 3.8 అని యుండెను.

వైద్యుడు చీటిని రెండుమారులు చూచి, "తాతా, ఈ నెలలో ఏవైన మాత్రలు వేసికొంటివా?" అని అడిగెను.

"జీడిపిక్కలు ఏరు దినములు, బాబూ! నడుమునొప్పికి కొట్టువాడిచ్చిన మాత్రలు పది దినములు మ్రింగితిని. ఇప్పటికిని అప్పుడప్పుడు వేసికొనుచున్నాను" అని వృద్ధుడు జేబులోనుండి ఒక మాత్రల అట్టను తీసి బల్లపై నుంచెను.